ప్లేటు, సీడీ, ఫోన్: ఏ పాట ఎక్కడ బాగుంటుంది? తరచుగా అడిగే ప్రశ్నలు

మా ఇంట్లో నాన్నగారు దాచిన గ్రామఫోన్ ప్లేట్లున్నాయి, నేను కొన్న సీడీలున్నాయి. రోజూ వినేది మాత్రం ఫోన్‌లోనే. ఇంటికి వచ్చినవాళ్లు టర్న్‌టేబుల్ చూడగానే ఏదో ఒకటి అడుగుతారు. ఎక్కువసార్లు విన్న ప్రశ్నలు ఇక్కడ పెడుతున్నాను.

సూటిగా చెప్పండి. వినైల్ (ప్లేటు), సీడీ, ఫోన్ యాప్ మూడింట్లో ఏది గొప్ప?

కొలతల ప్రకారమైతే సీడీ. గరగర ఉండదు, వేగం మారదు, చివరి పాట కూడా మొదటి పాటంత శుభ్రంగా ఉంటుంది. లాస్‌లెస్ (ఏదీ తీసేయకుండా పంపే) స్ట్రీమింగ్ కూడా దాంతో సమానమే, లోపలున్న అంకెలు అవే కాబట్టి. కొలిచి చూస్తే వినైల్ ఈ రెండింటికన్నా వెనకే ఉంటుంది.

అయితే మన చెవికి చేరేది ఆ ఫార్మాట్‌లోకి ఎవరో ఒకరు ఎక్కించిన కాపీ. ఆ ఎక్కించినవాళ్లు ఏ టేపు తీసుకున్నారు, ఎంత శ్రద్ధ పెట్టారు అన్నదాని వల్ల వచ్చే తేడా ముందు ఫార్మాట్ల తేడా చాలాసార్లు లెక్కలోకే రాదు. కింది జవాబుల్లో సగం ఈ ఒక్క మాట చుట్టూనే తిరుగుతాయి.

మా నాన్నగారి ఎల్పీలో (లాంగ్ ప్లే వినైల్ ప్లేటులో) ఘంటసాల భగవద్గీత వింటే ఎదురుగా కూర్చుని పాడినట్టుంటుంది. అదే యూట్యూబ్‌లో పేలవంగా ఉంటుంది. అంటే వినైలే గొప్పదనేగా?

మీరు విన్నది నిజమే, కారణం మాత్రం వేరు. ఎల్పీకి, స్టూడియో టేపుకు మధ్య దూరం తక్కువ. టేపు నుంచి మూస కోస్తారు, ఆ మూసతో ప్లేటు అచ్చు వేస్తారు. యూట్యూబ్‌లో తిరిగే పాత రికార్డింగుల ప్రయాణం చాలాసార్లు ఇలా ఉంటుంది: ఎల్పీ నుంచి క్యాసెట్, క్యాసెట్ నుంచి ఎంపీ3, దాని మీద ఒక దేవుడి బొమ్మ అతికించి వీడియో, ఆ వీడియోను అక్కడ మళ్లీ కుదించడం. మధ్యలో ఒకాయన "నాయిస్ తీసేశాను" అని సంబరపడి ఉంటాడు. నాయిస్‌తో పాటు శ, ష, స అక్షరాల పదును, తంబురా జీర కూడా పోయాయని ఆయన గమనించడు. గొంతు దుప్పటి కప్పుకున్నట్టు ఉండడానికి కారణం అదే.

ఇంకో చిక్కు శ్రుతిది. సెకనుకు 24 ఫ్రేముల సినిమాను 25 ఫ్రేముల టీవీ పద్ధతికి వేగం పెంచి మార్చితే పాట 4 శాతం వేగంగా పరిగెడుతుంది, గొంతు దాదాపు అర శ్రుతి పైకి పోతుంది. ఆ వీడియో నుంచి పాట తీసి పెడితే అదే శ్రుతిలో ఊరంతా తిరుగుతుంది. మామూలుగా వినేవాళ్లకు "ఏదో తేడాగా ఉందే" అనిపిస్తుంది. హార్మోనియం పక్కన పెట్టుకుని కూర్చునేవాళ్లకైతే మొదటి గమకంలోనే దొరికిపోతుంది.

ఒక పరీక్ష చేయవచ్చు. మీ ఎల్పీనే మంచి ప్లేయర్ మీద పెట్టి, సీడీ నాణ్యతలో కంప్యూటర్‌లోకి ఎక్కించండి. తర్వాత రెండూ మార్చి మార్చి వినండి. ఎల్పీలోని ఆ నిండుదనం, చిటపటతో సహా, ఆ ఫైల్లో అచ్చు దిగిపోతుంది. డిజిటల్ పద్ధతికి ఆ గొంతును పట్టుకునే శక్తి లేకపోతే ఇది జరగదు కదా.

మరి వినైల్‌లో అలలు యథాతథంగా ఉంటాయని, డిజిటల్‌లో మెట్లు మెట్లుగా కోస్తారని, మధ్యలోది పోతుందని అంటారు?

అందరూ నమ్మే మాటే, కానీ తప్పు. సీడీలో సెకనుకు 44,100 సార్లు శబ్దాన్ని కొలిచి అంకె రాస్తారు. కొలతకీ కొలతకీ మధ్య ఉన్నది పోయిందేమో అని అనుమానం రావడం సహజం. కానీ ఒక వృత్తం మీద మూడు చుక్కలు ఇస్తే చాలు, మిగతా గీత మొత్తం మనమే గీయగలం. ఆ మూడు చుక్కల గుండా వెళ్లే వృత్తం ఒక్కటే ఉంటుంది కాబట్టి. శబ్దానికీ అలాంటి సూత్రమే ఉంది. ఎంత ఫ్రీక్వెన్సీ వరకు కావాలో దానికి రెట్టింపుకు మించి కొలతలు తీస్తే, అంతవరకు ఉన్న అల మొత్తాన్ని తిరిగి గీయవచ్చు. నైక్విస్ట్, షానన్ పేర్లతో చెప్పే సిద్ధాంతం ఇదే. మనిషి చెవి హద్దు సుమారు 20 వేల హెర్ట్జ్, అదీ చిన్న వయసులో. కాబట్టి 44,100 సరిపోతుంది. ప్లేయర్ నుంచి వైరులోకి వచ్చేది నునుపైన అలే. మెట్లు పత్రికల బొమ్మల్లో ఉంటాయి.

వినైల్‌కు "వార్మ్‌నెస్" (వెచ్చదనం) అనేది ఉందా, లేదా?

ఉంది. అది ఎక్కువగా వినైల్‌కున్న పరిమితుల నుంచే పుట్టింది.

బాస్ శబ్దం ఉన్నదున్నట్టు కోస్తే గాడి చాలా వెడల్పుగా ఊగుతుంది. అప్పుడు ఒక వైపు పది నిమిషాలు కూడా పట్టదు, ముల్లు ఎగిరి పక్క గాడిలో పడుతుంది. అందుకని కోసేటప్పుడు బాస్ తగ్గించి, ట్రెబుల్ పెంచి కోస్తారు. వాయించేటప్పుడు ప్లేయర్‌కూ యాంప్లిఫయర్‌కూ మధ్య ఉండే ఫోనో ప్రీయాంప్ దాన్ని తిరగేస్తుంది. 1954లో అమెరికా రికార్డింగ్ పరిశ్రమ సంఘం ఖరారు చేసిన లెక్క ఇది, 20 హెర్ట్జ్ దగ్గర సుమారు 20 డెసిబెల్స్ తగ్గింపు, 20 వేల దగ్గర అంతే పెంపు. ఈ సర్దుబాటులో ఏ కొంచెం తేడా వచ్చినా సౌండ్ రంగు మారుతుంది. నేను మొదటిసారి టర్న్‌టేబుల్ కొన్నప్పుడు ఈ సంగతి తెలియక ప్రీయాంప్ లేకుండా నేరుగా యాంప్లిఫయర్ ఆక్స్‌లో (మామూలు ఇన్‌పుట్‌లో) గుచ్చాను. మృదంగం డబ్బా కొట్టినట్టు వినిపించింది. వారం రోజులు ప్లేయర్‌ను తిట్టుకున్నాను.

రెండోది, ఎల్పీ లోపలికి పోయేకొద్దీ చుట్టు చిన్నదవుతుంది, తిరిగే వేగం మాత్రం నిమిషానికి 33⅓ చుట్లే. అంచు దగ్గర ముల్లు కింద సెకనుకు 50 సెంటీమీటర్ల గాడి జరిగితే, చివరి పాట దగ్గరికి వచ్చేసరికి అది 21కి పడిపోతుంది. అదే సెకను శబ్దం సగానికన్నా తక్కువ చోటులో ఇరుక్కోవాలి. అందుకే చివరి పాటలో సకారాలు చీలినట్టు వినిపిస్తాయి. దానికి తోడు మధ్య బెజ్జం సరిగ్గా నడిమధ్య లేకపోతే సన్నాయి దీర్ఘస్వరం నెమ్మదిగా ఊగుతుంది.

ఇన్ని ఉన్నా చెవికి బాగుంటుంది. పై ఫ్రీక్వెన్సీలు కాస్త మెత్తబడతాయి, స్వల్పంగా కలిసే డిస్టార్షన్ గొంతుకు ఒక నిండుదనం ఇస్తుంది. అది మీకు నచ్చితే నచ్చిందని చెప్పండి, తప్పేం లేదు. మట్టికుండలో నీళ్లు తియ్యగా ఉన్నాయంటే ఎవరూ వాదించరు. ల్యాబ్ రిపోర్టులో కూడా ఆ నీళ్లే శుద్ధమైనవి అంటేనే పేచీ.

సీడీకి 96 డెసిబెల్స్, ఎల్పీకి 60, 70 అంటారు. ఆ తేడా ఇంట్లో తెలుస్తుందా?

పాట వినేటప్పుడు పెద్దగా తెలియదు. ఆ అంకె అతి చిన్న శబ్దానికీ అతి పెద్ద శబ్దానికీ మధ్య దూరం. మన హాల్లో సీలింగ్ ఫ్యాను నాలుగులో తిరుగుతుంటుంది, వంటింట్లో కుక్కరు, బయట కూరగాయల బండి మైకు. ఆ చిన్న శబ్దాలన్నీ ఫ్యాను కిందే మునిగిపోతాయి. కచేరీ మొదట్లో తంబురా ఒక్కటే మోగుతున్నప్పుడు, లేదా రెండు పాటల మధ్య నిశ్శబ్దంలో తేడా పట్టుకోవచ్చు. ఏప్రిల్, మే నెలల్లో ఫ్యాను ఆపి సంగీతం వినమని నేనెవరికీ సలహా ఇవ్వను.

128, 320 అంటే ఏమిటి? నిజంగా తేడా ఉందా?

సెకను పాటకు ఎన్ని కిలోబిట్లు వాడారన్నది ఆ అంకె. సీడీలో అది 1,411. అంటే 128లో పదకొండో వంతే మిగిలింది. ఏది తీసెయ్యాలన్నది చెవి బలహీనతల్ని బట్టి నిర్ణయిస్తారు. డప్పు గట్టిగా పడినప్పుడు అదే క్షణంలో పక్కన మోగిన చిన్న గజ్జె మనకు వినిపించదు, కాబట్టి ఆ గజ్జె గురించి తక్కువ రాసినా చాలనేది లెక్క. జర్మనీలోని ఫ్రాన్‌హోఫర్ సంస్థలో కార్ల్‌హైంజ్ బ్రాండెన్‌బర్గ్, ఆయన తోటివాళ్లు ఏళ్ల తరబడి ఈ లెక్కను సానబట్టారు. ఎంపీ3 అన్న ఫైల్ పేరు 1995లో ఖాయమైంది.

128లో సాధారణంగా 16 వేల హెర్ట్జ్ పైన కత్తిరిస్తారు. చప్పట్లు, తాళాలు, గజ్జెలు, సంతూర్... వీటి దగ్గర నీళ్లలో కదిలినట్టు ఒక వింత శబ్దం వస్తుంది. అది ఒకసారి పట్టుకున్నారంటే ఇక వదలదు, పాత ఎంపీ3లన్నిట్లో అదే వినిపించి విసిగిస్తుంది. అందుకే ఎవరికీ చూపించను. 320 దగ్గరికి వచ్చేసరికి మంచి హెడ్‌ఫోన్లతో, చెవి పెట్టి విన్నా ఎక్కువమంది సీడీ నుంచి వేరు చేయలేరు. నేనూ చేయలేకపోయాను. ఏఏసీ, ఓపస్ లాంటి కొత్త పద్ధతులు ఇంకా తక్కువ బిట్లలోనే అంత నాణ్యత ఇస్తాయి.

పాత పాటల సైట్లలో 128, 320 అని రెండు లింకులు ఉండేవి గుర్తుందా? ఆ 320ల్లో చాలావాటిని 128ని సాగదీసి తయారు చేశారు. ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్‌లో తెరిచి స్పెక్ట్రోగ్రామ్ (ఏ ఫ్రీక్వెన్సీ ఎంత ఉందో చూపే బొమ్మ) చూస్తే 16 వేల దగ్గర గీత గీసినట్టు ఆగిపోతుంది.

నా దగ్గరున్న 128 పాటల్ని ఫ్లాక్‌లోకి (లాస్‌లెస్ ఫైళ్లలోకి) మార్చుకుంటే బాగుపడతాయా?

నీళ్లు కలిసిన పాలను పెద్ద బిందెలో పోస్తే బిందె నిండదు, పాలు చిక్కబడవు. ఫోన్‌లో చోటు మాత్రం దండగ.

"200 పాటలు, ఒకే సీడీ" అని ఫుట్‌పాత్ మీద కొన్నవి ఉన్నాయి. అవీ సీడీలేగా?

డిస్కు సీడీదే, లోపలున్నవి ఎంపీ3లు. అసలు ఆడియో సీడీలో 74 నుంచి 80 నిమిషాలే పడతాయి. అంటే పదిహేను, ఇరవై పాటలు. నిమిషం పాట సీడీ నాణ్యతలో సుమారు 10 ఎంబీ, 128లో దాదాపు 1 ఎంబీ, లెక్క అక్కడే తేలిపోతుంది. మన ఇళ్లలో చాలామంది "సీడీ సౌండ్ కూడా అంతంతమాత్రమే" అని అనుకోవడానికి ఈ 200 పాటల సీడీలే కారణమని నా గట్టి అనుమానం. ఇంట్లో రాసుకున్న సీడీల్లో రంగు పొర కాలక్రమంలో వెలిసిపోతుంది కూడా. వాటిలో కావలసినవేమైనా ఉంటే ఈ ఆదివారమే కంప్యూటర్‌లోకి తీసుకోండి.

ఆడియో సీడీల గురించి ఒక మాట. గీతలు పడకూడదని అందరూ మెరిసే వైపు చూసుకుంటారు. అసలు దెబ్బ బొమ్మ వైపు. అల్యూమినియం పొర ఆ వైపే, పైన పల్చని లక్కర్ పూత మాత్రమే ఉంటుంది. కింది వైపు చిన్న గీతలను ప్లేయరే సర్దుకుంటుంది. సుమారు 2.5 మిల్లీమీటర్ల మేర సమాచారం పోయినా పూర్తిగా తిరిగి కట్టుకోగలిగేలా ఆ పద్ధతిని రూపొందించారు.

హై-రెస్ పాటలకు (సీడీకన్నా ఎక్కువ బిట్లతో, ఎక్కువ కొలతలతో అమ్మేవాటికి) ఎక్కువ డబ్బు పెట్టవచ్చా?

నేను పెట్టను. 24 బిట్లు స్టూడియోలో అవసరం, మిక్సింగ్ చేసేటప్పుడు చెయ్యి ఆడించడానికి చోటు ఉంటుంది. వినడానికి? 2007లో మేయర్, మోరన్ అనే ఇద్దరు ఒక పరీక్ష ఫలితాలు ప్రచురించారు. హై-రెస్ డిస్కులు వాయిస్తూ, మధ్యలో సీడీ నాణ్యతకు కుదించే పెట్టె ఒకటి పెట్టి, అది ఉందో లేదో చెప్పమన్నారు. మామూలు వాల్యూమ్‌లో విన్నవాళ్ల జవాబులు బొమ్మా బొరుసుతో సమానంగా తేలాయి. 2016లో జాషువా రైస్ అలాంటి 18 ప్రయోగాలను కలిపి చూస్తే సరైన జవాబులు 52 శాతం. తేడా బొత్తిగా లేదని అనలేం, కానీ ఆ 2 శాతానికి నేను డబ్బు కట్టను.

1950ల సినిమా పాటకు హై-రెస్ అంటే ఇంకా నవ్వొస్తుంది. అప్పటి సినిమా సౌండ్‌ట్రాక్‌లో సుమారు 8 వేల హెర్ట్జ్ దాటాక పెద్దగా ఏమీ ఉండదు.

లాస్‌లెస్ పెట్టుకున్నా బ్లూటూత్‌లో వింటే ఉపయోగమేంటి?

దాదాపు లేదు. బ్లూటూత్ మళ్లీ కుదిస్తుంది. మామూలు ఎస్‌బీసీ పద్ధతి సెకనుకు 328 కిలోబిట్ల దగ్గర ఆగుతుంది, ఎల్‌డాక్ పద్ధతి 990 దాకా పోతుంది, ఐఫోన్ ఏఏసీ వాడుతుంది. యాపిల్ మ్యూజిక్ 2021 జూన్ నుంచి లాస్‌లెస్ ఇస్తోంది, అది పూర్తిగా అందాలంటే వైరు ఉండాలి. బస్సులో, వాకింగ్‌లో వినేటప్పుడు ఈ టెన్షన్ అక్కర్లేదు. యాప్ సెట్టింగ్స్‌లో డేటా సేవర్ ఆన్‌లో ఉందేమో మాత్రం చూసుకోండి, చాలామంది ఫోన్లలో ఏళ్లుగా అలాగే ఉంటుంది.

ఇప్పుడు కొత్తగా వస్తున్న వినైల్ అసలైన అనలాగేనా (మధ్యలో అంకెల్లోకి మార్చకుండా కోసిందేనా)?

చాలావరకు డిజిటల్ ఫైల్ నుంచి కోసినవే. ఇప్పటి రికార్డింగులు పుట్టడమే కంప్యూటర్‌లో పుడతాయి. దీని మీద 2022లో అమెరికాలో పెద్ద గొడవే అయింది. మొబైల్ ఫిడెలిటీ అనే కంపెనీ ప్లేట్లంటే అనలాగ్ భక్తులకు ప్రాణం, కొన్ని 125 డాలర్లు. మధ్యలో డిజిటల్ మెట్టు వాడుతున్నామని, అదీ 2011 నుంచే వాడుతున్నామని కంపెనీ ఒప్పుకుంది. అన్నేళ్లపాటు "డిజిటల్ వాసనే లేదు" అని ఆ ప్లేట్లను పొగిడినవాళ్లలో ఎవరికీ చెవితో అనుమానం రాలేదు. కేసులు కూడా పడ్డాయి.

కొత్త వినైల్ కొన్నిసార్లు నిజంగానే బాగుంటుంది, వేరే కారణంతో. సీడీ, స్ట్రీమింగ్ కోసం పాటను వీలైనంత గట్టిగా వినిపించేలా నొక్కి పెట్టే అలవాటు ఒకటుంది. చిన్న శబ్దం, పెద్ద శబ్దం అన్నీ ఒకే ఎత్తుకు వస్తాయి, అరగంట వింటే తల నొప్పి. 2008 నాటి మెటాలికా అనే రాక్ బృందం ఆల్బం దీనికి అపఖ్యాతి పొందిన ఉదాహరణ. ఆ మోత ప్లేటు మీద కోయడం కష్టం కాబట్టి వినైల్‌కు కొందరు విడిగా, తక్కువ నొక్కి మాస్టరింగ్ (అచ్చుకు ముందు చేసే చివరి సర్దుబాటు) చేస్తారు. నచ్చేది ఆ మాస్టరింగే.

అటక మీద 78 ప్లేట్లు దొరికాయి. వినవచ్చా, ఎలా తుడవాలి?

ముందు ఒక హెచ్చరిక: స్పిరిట్‌తో, శానిటైజర్‌తో తుడవకండి. 78 ప్లేటు (నిమిషానికి 78 చుట్లు తిరిగే పాతకాలపుది) ముఖ్యంగా లక్కతో చేసింది, స్పిరిట్‌లో లక్క కరిగిపోతుంది. వడ్రంగులు చెక్కకు పెట్టే పాలిష్ అలా కరిగించిందే. డిస్టిల్డ్ వాటర్‌తో కొద్దిగా తడిపిన మెత్తటి గుడ్డ చాలు, గాడి వెంట గుండ్రంగా తుడిచి, మధ్య లేబుల్ తడవకుండా ఆరబెట్టండి. పింగాణీ లాగా పగులుతుంది కాబట్టి పరుపు మీద కూర్చుని చేయడం మంచిది. మేం ఒకటి పోగొట్టుకున్నాకే పరుపు మీదికి మారాం.

ముల్లు కూడా వేరే కావాలి. 78 గాడి ఎల్పీ గాడికన్నా మూడు రెట్లు వెడల్పు, ఎల్పీ ముల్లు పెడితే అడుగున దొర్లుతూ దుమ్మునే వాయిస్తుంది. ప్లేయర్‌లో 78 వేగం ఉందో లేదో చూడండి, ఇప్పటివాటిలో చాలావాటికి ఉండదు. పాత గ్రామఫోన్ స్టీలు ముల్లు కింద ఎల్పీ పెట్టడం మాత్రం హత్యతో సమానం. అది వంద గ్రాములకు పైగా బరువుతో నొక్కుతుంది, ఎల్పీ ముల్లు బరువు రెండు గ్రాముల చుట్టుపక్కల.

ఇంకొకటి, వాటిని విలువ లేనివనుకోవద్దు. ఒక వైపు మూడు, మూడున్నర నిమిషాలే పట్టేది కాబట్టి ప్లేటు కోసం సినిమా పాటలను కుదించేవారు, కొన్నిసార్లు విడిగా మళ్లీ పాడించేవారు. మీ అటక మీదున్నది సినిమాలో లేని వెర్షన్ కావచ్చు. పాశ్చాత్య దేశాల్లో 1960 ప్రాంతానికే ఆగిపోయిన 78లు మన దేశంలో ఆ దశాబ్దమంతా కలకత్తా దగ్గరి డమ్‌డమ్‌లో ఉన్న హెచ్‌ఎంవీ ఫ్యాక్టరీలో అచ్చవుతూనే ఉన్నాయి.

క్యాసెట్ల మాటేమిటి?

నాణ్యతలో అన్నిటికన్నా కింద. టేపు సెకనుకు 4.76 సెంటీమీటర్లే జరుగుతుంది, పైగా మనం లిస్టు రాసిచ్చి రికార్డింగ్ షాపులో పాటలు ఎక్కించుకున్నవి కాపీకి కాపీ. కానీ అమ్మమ్మ గొంతు, పెళ్లి పాటలు, ఊళ్లో హరికథ ఉన్నవి క్యాసెట్లలోనే. వాటికి సౌండ్ క్వాలిటీ చూడకూడదు. వెంటనే ఎక్కించుకోవాలి.

ప్లేట్లను డిజిటల్ చేయించాలంటే ఏం అడగాలి?

ఫైళ్లు వేవ్ లేదా ఫ్లాక్‌లో కావాలని, నాయిస్ తీయని మొదటి కాపీ కూడా ఇవ్వాలని ముందే చెప్పండి. 78లకు విడి ముల్లు వాడతారా అని అడగండి. ఆ ప్రశ్నకు మొహం తెల్లబోతే ప్లేట్లు తిరిగి సంచిలో పెట్టుకుని వచ్చేయండి. నేను అడగకుండా ఇచ్చిన ఒక చోట నలభై పాటలు 128 ఎంపీ3లుగా వచ్చాయి, మీదుగా ఎకో కలిపి. "బాగుంటుందని వేశాం సార్" అన్నారు. అసలు ఫైళ్లు వాళ్లు దాచలేదు, నేను రెండోసారి డబ్బు కట్టాను.

చేతిలో ఉన్న డబ్బు దేని మీద పెట్టాలి?

స్పీకర్లు లేదా హెడ్‌ఫోన్ల మీద. సూట్‌కేసు ఆకారపు చవక టర్న్‌టేబుల్ ఎల్పీలను అరగదీస్తుంది, దానికన్నా పాత సీడీ ప్లేయర్ నయం. స్పీకర్లను గోడ మూలల్లోంచి ఓ రెండడుగులు ముందుకు జరపండి. దీనికి ఖర్చు కూడా లేదు, ఇంట్లోవాళ్లు ఒప్పుకోవాలి, అంతే.

ఇంట్లో నేనే పోల్చి చూసుకోవాలంటే?

రెండు కాపీల వాల్యూమ్ సమానం చేయండి. కొద్దిగా గట్టిగా మోగేదే బాగున్నట్టు చెవికి అనిపిస్తుంది, దుకాణాల్లో బేరం నడిచేది దీని మీదే. ఫోన్‌లో సౌండ్ మీటర్ యాప్ పెట్టి సర్దితే చాలు. తర్వాత మీరు వెనక్కి తిరిగి కూర్చోండి, పిల్లల్లో ఒకరిని మార్చమనండి. ఏది ఎప్పుడు పెట్టారో వాళ్లు కాగితం మీద రాసుకోవాలి, మీరు మీ జవాబు రాసుకోవాలి. కనీసం పదహారు సార్లు. పన్నెండు దాటి సరిగ్గా చెబితే మీకు నిజంగా తేడా వినిపిస్తున్నట్టే.

ప్లేటుతో ఈ పరీక్ష కుదరదు, చిటపట విని మొదటి సెకనులోనే చెప్పేస్తారు. దాన్ని డిజిటల్‌లోకి ఎక్కించుకుని ఆ ఫైలుతో పోల్చాలి. మా ఇంట్లో ఇది చేసినప్పుడు నాకు పదహారుకు తొమ్మిది వచ్చాయి. మార్చే పని చేసిన మా అమ్మాయి ఆ కాగితాన్ని ఇప్పటికీ ఫ్రిజ్ మీద అంటించి ఉంచింది.